పేజీ నెత్తిన సరైన పేరు: తెలుగు పుస్తకానికి ఫ్యాన్సీహెడర్

ఈ మధ్య ఒక మొక్కల పుస్తకానికి పేజీలు కట్టాను. ప్రతి పేజీ నెత్తిన వచ్చే శీర్షికల పనంతా ఫ్యాన్సీహెడర్ అనే లేటెక్ ప్యాకేజీతో చేశాను. లేటెక్ అంటే ఆదేశాలు రాసి పేజీలు కట్టించే సాఫ్ట్‌వేర్, ప్యాకేజీ అంటే దానికి తగిలించుకునే అదనపు భాగం. దీన్ని తెలుగు పుస్తకానికి ఎలా వాడుకోవాలో తెలుగులో చదువుదామంటే నాకేమీ దొరకలేదు, అందుకే ఈ సమీక్ష కాస్త వివరంగా రాస్తున్నాను. వెతుక్కునేవాళ్లకి ఒక మాట: ప్యాకేజీ పేరులో ‘ఫ్యాన్సీ’ తర్వాత హెచ్, డీ, ఆర్ అనే మూడక్షరాలే ఉంటాయి. రాసినాయన నెదర్లాండ్స్‌కి చెందిన పీట్ ఫాన్ ఓస్ట్రుమ్. పైసా ఖర్చు లేదు. లేటెక్ సరంజామా అంతా ఒకచోట ఇచ్చే టెక్ లైవ్‌ని పూర్తిగా ఎక్కించుకుంటే అందులోనే వచ్చేస్తుంది.

విజయవాడలో చిన్న ప్రచురణకర్తలకి, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలకి లేఅవుట్ చేసిపెట్టడం నా పని. ఇక్కడ డీటీపీ అంటే ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్, అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు). అందులో హెడర్ పని, అంటే పేజీ నెత్తిన పేరు వేసే పని, ఎలా నడుస్తుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అధ్యాయానికో మాస్టర్ పేజీ పెట్టి పేరు టైపు చేస్తారు. రెండో ప్రూఫ్‌లో రచయిత అధ్యాయం పేరు మారుస్తారు. లోపల మారుతుంది, విషయసూచికలో మారుతుంది, పేజీ మీద మాత్రం పాత పేరే ఉండిపోతుంది. లేదా మధ్యలో రెండు పేరాలు తీసేస్తారు, పేజీలు వెనక్కి జరుగుతాయి, మాస్టర్ పేజీలు జరగవు. నా దగ్గర ఒక స్థానిక చరిత్ర పుస్తకం ఉంది. అందులో చెరువులు, కాలవల గురించిన అధ్యాయం సగానికి పైగా ‘దేవాలయాలు’ అనే హెడర్ కిందే అచ్చయింది. ఒక మనిషి ఊరూరా తిరిగి పోగుచేసిన సమాచారం అది. దాన్ని వెతుక్కోవడానికి వచ్చిన పాఠకుడికి పేజీయే తప్పుదారి చూపిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక నా చేతికొచ్చిన పుస్తకం సంగతి. వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారు రాశారు. చెరువు గట్లు, పొలం గట్లు, పెరళ్లు, బంజర్లు, ఇలా మొక్క పెరిగే చోటుని బట్టి అధ్యాయాలు. ప్రతి అధ్యాయంలో మొక్కలు అకారాది క్రమంలో ఉంటాయి. ఒక మొక్కకి పావు పేజీ పట్టొచ్చు, ఇంకోదానికి రెండు పేజీలు పట్టొచ్చు. మొదటిసారి ఫోన్ చేసినప్పుడే అడిగారు: “ఏమ్మా, నిఘంటువులో ఉన్నట్టు పేజీ మీద మొదటి మొక్క పేరు, చివరి మొక్క పేరు వేయగలవా? పొలంలో నిలబడి ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో పేజీలు తిప్పేవాడి కోసం రాశాను.”

“వేస్తాను మాస్టారూ, అధ్యాయం పేరు కూడా వేస్తాను,” అన్నాను.

అంటే పేజీ బయటి మూలన ‘అడ్డసరం – అవిసె’ అని రావాలి, లోపలి వైపు ‘పెరటి మొక్కలు’ అని రావాలి. పేరా పెరిగినా, బొమ్మ చేరినా, మొక్క ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి పోయినా హెడర్ తనంతట తానే మారాలి. చేత్తో చేస్తే ప్రతి ప్రూఫ్‌కీ ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఫ్యాన్సీహెడర్ ఈ పని ఎలా చేస్తుందో తెలియాలంటే దాని అడుగున ఉన్న టెక్ గురించి కొంచెం చెప్పాలి. డొనాల్డ్ కనూత్ తయారుచేసిన టెక్ పేజీకి సరిపడా మాత్రమే చదివి ఆగదు. పేరా మొత్తం చదివి వరుసలుగా విరుస్తుంది, ఆ తర్వాతే పేజీని ఎక్కడ తెంచాలో తేలుస్తుంది. కాబట్టి “ఇప్పుడు నడుస్తున్న మొక్క పేరు” అని ఒక చోట దాచిపెట్టి, పేజీ తెగేటప్పుడు దాన్ని హెడర్‌లో వేద్దామంటే కుదరదు. అప్పటికి టెక్ తర్వాతి మొక్కలోకి వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే మార్క్ అనే పద్ధతి పెట్టారు. పేరుని వచనంలోనే, ఆ వరుస పక్కనే, కంటికి కనపడని గుర్తుగా అంటిస్తారు. వరుస ఏ పేజీకి పోతే గుర్తూ ఆ పేజీకే పోతుంది. పేజీ తెగాక అందులో ఉన్న మొదటి గుర్తేది, చివరి గుర్తేది అని టెక్‌ని అడిగితే కచ్చితంగా చెబుతుంది. పేజీలో కొత్త గుర్తేమీ లేకపోతే, వెనకటి పేజీలో చివరిగా ఉన్నదాన్నే ఇస్తుంది. వేప గురించి రెండు పేజీలుంటే, కొత్త మొక్కేదీ మొదలవని రెండో పేజీ మీద కూడా ‘వేప’ అనే వస్తుంది. మనక్కావాల్సింది సరిగ్గా అదే.

ఈ గుర్తుల్ని వాడుకోవడానికి లేటెక్‌లో రెండు పేర్లున్నాయి: లెఫ్ట్‌మార్క్, రైట్‌మార్క్. మామూలు పుస్తకంలో మొదటిది అధ్యాయం పేరు, రెండోది సెక్షన్ (అధ్యాయంలోని ఉపభాగం) పేరు. ఇక్కడ తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. లెఫ్ట్‌మార్క్ పేజీలోని చివరి గుర్తు నుంచి వస్తుంది, రైట్‌మార్క్ మొదటి గుర్తు నుంచి వస్తుంది. పేజీ మధ్యలో కొత్త సెక్షన్ మొదలైతే, పై సగం పాత సెక్షన్‌దే అయినా హెడర్‌లో కొత్త పేరు కనిపించేది అందుకే. దీన్ని తప్పుగా భావించి గంటలు గంటలు తలపట్టుకునేవాళ్లని చూశాను. నా అభిప్రాయం అడిగితే, వెతుక్కునే పుస్తకానికి అదే సరైన పద్ధతి. ఏది ఎక్కడ మొదలైందో తెలియడమే పాఠకుడికి ముఖ్యం.

మొక్కల పుస్తకానికి నాకు మూడు సమాచారాలు కావాలి: అధ్యాయం, మొదటి మొక్క, చివరి మొక్క. గుర్తులోని కుడి భాగంలో, అంటే సెక్షన్ పేరు ఉండే చోట, మొక్క పేరు పెట్టాను కాబట్టి రైట్‌మార్క్ మొదటి మొక్కనే ఇస్తుంది. చివరిదాని కోసం అదే రచయిత రాసిన ఎక్స్‌ట్రామార్క్స్ ప్యాకేజీ తెచ్చుకున్నాను, ఫ్యాన్సీహెడర్‌తో పాటే వస్తుంది. అందులో లాస్ట్‌రైట్‌మార్క్ అని ఒక ఆదేశం ఉంది. పేజీలోని చివరి గుర్తు తాలూకు కుడి భాగాన్ని ఇస్తుంది. మొదటిదీ చివరిదీ ఒకటే అయితే పేరు ఒక్కసారే వేసేలా చిన్న షరతు రాసుకున్నాను, లేకపోతే ‘వేప – వేప’ అని వస్తుంది. ఆ తర్వాత నేను హెడర్ గురించి ఆలోచించనే లేదు. మాస్టారు గుంటగలగరకి అర పేజీ అదనంగా రాసి పంపినా, తిప్పతీగ ఫొటో మార్చినా, మళ్లీ కంపైల్ చేస్తే (లేటెక్ చేత పేజీలు కొత్తగా కట్టిస్తే) పేజీల మీద పేర్లన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. చివరి ప్రూఫ్‌లో ఒక్కో పేజీ వేలు పెట్టి చూశాను, ఒక్కటీ తప్పలేదు. ఈ ఒక్క పనికే ఈ ప్యాకేజీకి నూటికి నూరు మార్కులు వేస్తాను.

ఏది ఎక్కడ రావాలో చెప్పే పద్ధతి కూడా తేలికే. ఎడమ, మధ్య, కుడి అనే మూడు చోట్లకి ఎల్, సీ, ఆర్. సరి పేజీకి ‘ఈ’ (E), బేసి పేజీకి ‘ఓ’ (O). ‘ఎల్ఈ, ఆర్ఓ’ అని రాస్తే సరి పేజీకి ఎడమన, బేసి పేజీకి కుడిన అని అర్థం. అంటే పుస్తకం తెరిచినప్పుడు రెండు వైపులా బయటి మూలలు. బొటనవేలు పెట్టి పేజీలు జార్చేటప్పుడు కంటికి ఆనేవి ఆ మూలలే. ముందుగా పాత అమరికంతా తుడిచేసే ఆదేశం ఒకటి రాసి, ఆ తర్వాత మనవి రాసుకోవాలి. అధ్యాయం పేరు ఎలా రావాలో మార్చుకునే పని, అంటే చాప్టర్‌మార్క్‌ని తిరగరాయడం, ‘పేజ్‌స్టైల్ ఫ్యాన్సీ’ అన్న వరుస తర్వాతే పెట్టాలి. ముందు పెడితే ఆ వరుస వచ్చి మనం రాసినదాన్ని చెరిపేస్తుంది.

ఇప్పుడు తెలుగు లిపి దగ్గర వచ్చే తంటా. ఇంగ్లీషు పుస్తకాలు మాత్రమే చేసేవాళ్లకి ఇది తెలియదు కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

ఫ్యాన్సీహెడర్ హెడర్ కింద సన్నటి గీత ఒకటి వేస్తుంది, మందం 0.4 పాయింట్లు. ఇంగ్లీషు అక్షరాలు ఆ గీతకి పైనే ఉంటాయి, కిందికి దిగేవి కొన్నే, అవీ కొంచెమే. మన వత్తులు అలా కాదు. ‘నల్లేరు’లో ల వత్తు, ‘ఉమ్మెత్త’లో మ వత్తు, త వత్తు, ‘విష్ణుక్రాంతం’లో ణ వత్తు చూడండి. ఇవన్నీ బాగా కిందికి వేలాడతాయి. గీత వచ్చి సరిగ్గా వాటి అడుగుకి అంటుకుంటుంది. పైగా వత్తు ఉన్న పేరున్న పేజీలో అక్షరాల వరుస ఒక ఎత్తున, ‘తంగేడు’ లాంటి వత్తు లేని పేరున్న పేజీలో ఇంకో ఎత్తున వస్తుంది. విడిగా ఒక పేజీ చూస్తే తెలియదు. ఎదురెదురు పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే హెడర్ మెట్లెక్కినట్టు కనపడుతుంది.

దీనికి నేను పెట్టుకున్న మందు ఏమిటంటే, హెడర్‌లోని ప్రతి భాగంలోనూ వెడల్పు సున్నా ఉన్న ఒక నిలువు గీతని చేర్చడం. అది కంటికి కనపడదు కానీ చోటు పట్టుకుంటుంది. ఆ ఫాంటులో అన్నిటికంటే కిందికి దిగే వత్తు ఎంత దిగుతుందో కొలిచి, దానికంటే కాస్త కిందికే ఆ గీతని దించాలి. అప్పుడు పేరులో వత్తున్నా లేకపోయినా హెడర్ లోతు ఒక్కటే అవుతుంది, అక్షరాలు ఒకే ఎత్తున నిలుస్తాయి, గీతకి వత్తుకి మధ్య ఖాళీ మిగులుతుంది. హెడర్‌కి నేను మండలి ఫాంటు వాడాను, లోపలి వచనానికి నోటో సెరిఫ్ తెలుగు. రెండిటి కొలతలు వేరు కాబట్టి ఫాంటు మార్చినప్పుడల్లా ఈ లోతు మళ్లీ చూసుకోవాలి. గీతే వద్దనుకుంటే దాని మందాన్ని సున్నా చేయొచ్చు. నిజానికి తెలుగు పుస్తకంలో గీత లేకుండానే అందంగా ఉంటుందని నాకనిపిస్తుంది. మాస్టారు గీత ఉండాలన్నారు, ఉంచాను.

దీనికి తోడు హెడర్ ఎత్తు విషయం. లేటెక్ బుక్ క్లాసు (పుస్తకాల కోసం ఉన్న మూస) హెడర్‌కి ఇచ్చే ఎత్తు 12 పాయింట్లు. తెలుగు గుడులు, ఏత్వాలు పైకి, వత్తులు కిందికి పోతే అది చాలదు. చాలకపోతే ఫ్యాన్సీహెడర్ హెచ్చరిక ఇస్తుంది, కనీసం ఎంత ఉండాలో అంకె కూడా చెబుతుంది. ఆ అంకెని తీసుకెళ్లి పేజీ కొలతలు పెట్టే జామెట్రీ ప్యాకేజీలో హెడ్‌హైట్ దగ్గర పెడితే సరిపోతుంది. సమస్య చెప్పి ఊరుకోకుండా మందు కూడా చెప్పే సాఫ్ట్‌వేర్లు తక్కువ, అందుకు ఆ రచయితకి నమస్కారం. ఆ హెచ్చరికని పట్టించుకోకుండా వదిలేస్తే వెర్షన్‌ని బట్టి హెడర్ కింద ఉన్న వచనం కొన్ని పేజీల్లో కాస్త జరగొచ్చు. అలా జరిగితే అచ్చులో రెండు వైపులా వరుసలు ఎదురెదురుగా కలవవు, పల్చటి కాగితం మీద వెనక వరుసలు కనపడి మరీ చిరాకు పెడతాయి.

పెద్దక్షరాల గొడవ ఒకటుంది. లేటెక్ అలవాటు ప్రకారం హెడర్‌లోకి వెళ్లే పేర్లన్నిటినీ పెద్దక్షరాలుగా మార్చేస్తుంది. తెలుగుకి చిన్నా పెద్దా లేవు కాబట్టి మనకేం నష్టం అనుకుంటాం. కానీ బంజరు భూముల అధ్యాయంలో సర్కారు తుమ్మ గురించి ఒక ప్రత్యేక భాగం ఉంది, దాని శీర్షికలోనే శాస్త్రీయ నామం, ప్రోసోపిస్ జూలీఫ్లోరా, రోమన్ లిపిలో ఉంది. శాస్త్రీయ నామంలో మొదటి మాట మాత్రమే పెద్దక్షరంతో మొదలవ్వాలి, రెండోది చిన్నక్షరంతోనే ఉండాలి. హెడర్‌లో అన్నీ పెద్దక్షరాలైపోతే వృక్షశాస్త్రం తెలిసినవాళ్లకి అది తప్పే. నోఅప్పర్‌కేస్ అనే ఆదేశం లోపల పెడితే పేరు ఎలా రాశామో అలాగే వస్తుంది. పాఠ్యపుస్తకాలు, సైన్సు పుస్తకాలు చేసేవాళ్లు ఇది మొదటే పెట్టేసుకోవడం మంచిది.

ముందుమాట, కృతజ్ఞతలు లాంటి నంబరు లేని అధ్యాయాలతో జాగ్రత్తగా ఉండాలి. నక్షత్రం గుర్తు (*) పెట్టిన చాప్టర్ ఆదేశం హెడర్‌కి ఏ గుర్తూ పంపదు. విషయసూచిక తర్వాత ముందుమాట వస్తే, ముందుమాట రెండో పేజీ మీద ‘విషయసూచిక’ అనే పడుతుంది. మార్క్‌బోత్ అనే ఆదేశంతో పేరు మనమే ఇవ్వాలి, ఒక్క వరుస పని. అధ్యాయం మొదటి పేజీకి హెడర్ రాదు, అది లోపం కాదు. పైన పెద్ద శీర్షిక ఉండగా దాని నెత్తిన మళ్లీ అదే పేరు ఎందుకు? ఆ పేజీ అడుగున పేజీ నంబరు ఎక్కడ రావాలో మార్చుకోవాలంటే ‘ప్లెయిన్’ అనే స్టైల్‌ని తిరగరాయాలి. అధ్యాయాల మధ్య వచ్చే ఖాళీ ఎడమ పేజీల మీద హెడర్ పడకుండా ఎంప్టీపేజ్ అనే ఇంకో చిన్న ప్యాకేజీ చేర్చాలి. ఇది ఫ్యాన్సీహెడర్‌లోనే ఉంటే బాగుండేది.

పొడుగు శీర్షికల విషయంలో మాత్రం నాకు పూర్తి తృప్తి లేదు. ‘చెరువు గట్ల మీద, మాగాణి కాలవల పక్కన పెరిగే మొక్కలు’ అనే అధ్యాయం పేరు డెమ్మీ సైజు పేజీలో, అదీ మొక్కల పేర్ల పక్కన, ఎలాగూ పట్టదు. హెడర్ భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, ఫ్యాన్సీహెడర్ దాన్ని ఆపదు. అధ్యాయం కింద చాప్టర్‌మార్క్‌తో ‘చెరువు గట్లు’ అని పొట్టి పేరు ఇస్తే చాలు, విషయసూచికలో పెద్ద పేరు, హెడర్‌లో చిన్న పేరు వస్తాయి. సెక్షన్లకి ఇంత సులువు కాదు. రైట్‌మార్క్ మొదటి గుర్తునే పట్టుకుంటుందని చెప్పాను కదా, సెక్షన్ తనంతట తాను పంపిన పొడుగు పేరే మొదట దొరుకుతుంది. దాన్ని దాటడానికి పొట్టి పేరుని సెక్షన్ శీర్షిక లోపల ఒకసారి, బయట ఒకసారి, రెండుచోట్లా రాయాలి. పని అవుతుంది కానీ చూడ్డానికి గజిబిజిగా ఉంటుంది, కొత్తవాళ్లు భయపడతారు. మెమాయిర్ అనే క్లాసులో అయితే విషయసూచికకి ఒక పేరు, హెడర్‌కి ఒక పేరు విడివిడిగా ఇచ్చే సౌకర్యం ఉంది.

ఇంతకీ దీని బదులు ఇంకేదైనా వాడొచ్చా? వాడొచ్చు. వర్డ్‌లో స్టైల్‌రెఫ్ అనే ఫీల్డు ఉంది. హెడింగ్ స్టైల్ పేరు చెబితే పేజీలో ఆ స్టైల్‌లో ఉన్న మొదటిదాన్ని తెస్తుంది, ఎల్ అనే గుర్తు చేరిస్తే చివరిదాన్ని తెస్తుంది. థీసిస్ వర్డ్‌లోనే ఇవ్వాల్సిన విద్యార్థులు లేటెక్ జోలికి పోకుండా దాన్ని నేర్చుకుంటే చాలు, హెడర్ కోసం అధ్యాయానికో సెక్షన్ బ్రేక్ పెట్టుకునే టెన్షన్ తప్పుతుంది. ఇన్‌డిజైన్‌లో రన్నింగ్ హెడర్ అనే టెక్స్ట్ వేరియబుల్ ఉంది, అది కూడా పేజీలో మొదటిది, చివరిది రెండూ ఇస్తుంది. రంగుల పుస్తకం, బొమ్మల పుస్తకం అయితే నేను ఇప్పటికీ ఇన్‌డిజైనే తెరుస్తాను. నేను వాడిన వెర్షన్‌లో మాత్రం వేరియబుల్‌లో పొడుగు పేరు వస్తే రెండో వరుసలోకి దిగకుండా ఒకే వరుసలో ఇరుక్కుని నలిగిపోయేది. పైగా నెలనెలా చందా. రెండొందల కాపీలు వేసుకునే రచయితకి ఆ ఖర్చు నేను ఎలా చూపిస్తాను?

వీటన్నిటికంటే ఫ్యాన్సీహెడర్ నాకు నచ్చడానికి కారణం, అందులో షరతులు రాసుకోగలగడం. పేర్లు రెండూ ఒకటైతే ఒక్కసారే వేయి, అనుబంధంలో మొక్కల పేర్లు వద్దు, ఫొటోల పేజీకి హెడరే వద్దు అని ఒకసారి చెప్పి పెట్టేస్తే పుస్తకం ఎన్నిసార్లు మారినా అది ఆ మాట మీదే ఉంటుంది.

లేటెక్ అసలు తెలియనివాళ్లకి ఇది వెంటనే పనికొచ్చే వస్తువు కాదు, ఆ సంగతి దాచను. ముందు యూనికోడ్‌లోకి రావాలి. అనులో టైపు చేసిన వచనాన్ని మార్చుకుని, మార్పిడిలో చెడిన అక్షరాలు సరిచూసుకోవాలి. తెలుగు కోసం లేటెక్‌ని నడిపే ప్రోగ్రాముల్లో జీలేటెక్ గానీ, హార్ఫ్‌బజ్‌తో (వత్తులు, గుణింతాలు సరిగ్గా కలిపి అమర్చేది) నడిచే లువాలేటెక్ గానీ వాడాలి, పాత పీడీఎఫ్‌లేటెక్‌తో కుదరదు. ప్యాకేజీ మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, కానీ ఉదాహరణలు దండిగా ఉన్నాయి. నిఘంటువు పద్ధతి హెడర్ కూడా అందులో ఉంది. దాన్ని అచ్చు తీసుకుని పక్కన పెట్టుకుంటే మంచిది.

చివరగా వెర్షన్ సంగతి. 2022 జూన్ నుంచి లేటెక్‌లోనే కొత్త మార్క్ పద్ధతి వచ్చింది. మొక్కలకి ఒక తరగతి, అధ్యాయాలకి ఒక తరగతి అని విడివిడిగా గుర్తులు పెట్టుకోవచ్చు, ఒకటి ఇంకోదానితో కలగలవదు. ప్రతి తరగతికీ పేజీలో మొదటిది, చివరిది, పేజీ మొదలయ్యేసరికి నడుస్తున్నది అని మూడూ అడగొచ్చు. ఫ్యాన్సీహెడర్ ఆదేశాల లోపల వీటిని నేరుగా రాసుకోవచ్చు, అప్పుడు ఎక్స్‌ట్రామార్క్స్ అవసరం ఉండదు. అయితే ఉబుంటు 22.04తో వచ్చే టెక్ లైవ్ 2021 నాటిది, దాన్లో ఈ పద్ధతి లేదు. అలాంటి కంప్యూటర్ ఉన్నవాళ్లు ఉబుంటు ఇచ్చినదాన్ని పక్కన పెట్టి, టెక్ యూజర్స్ గ్రూప్ సైటు నుంచి కొత్త టెక్ లైవ్‌ని నేరుగా దించుకోండి. కొన్ని జీబీలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే సరి.